గుండె నొప్పికి ఇంగ్లీషు

బట్టల బుట్ట పట్టుకుని మేడ మెట్లెక్కుతున్న కృష్ణవేణమ్మ సగంలో ఆగిపోయింది. బుట్టను పై మెట్టు మీద పెట్టి, ఒక చేత్తో రెయిలింగు పట్టుకుని, రెండో చేత్తో గుండెల మీద రాసుకుంటూ నిలబడింది. కింద వంటింట్లో కాఫీ కలుపుకుంటున్న అల్లుడు చక్రపాణి చూశాడు.

"ఏమైంది అత్తమ్మా?"

"ఏం లేదు బాబూ. గ్యాసు."

గ్యాసుకూ మెట్లకూ ఏం సంబంధమో చక్రపాణికి అర్థం కాలేదు. మొన్న పార్కులో నడుస్తూ నడుస్తూ బెంచీ మీద కూలబడినప్పుడూ గ్యాసే అంది. అంతకుముందు గ్యారేజీలోంచి బియ్యం సంచి తెచ్చినప్పుడూ అదే మాట. ప్రతిసారీ ఐదు నిమిషాలు కూర్చుని, జీలకర్ర నీళ్ళు తాగి, ఏమీ ఎరగనట్టు లేచి పనిలో పడిపోతుంది.

"ఎన్ని రోజుల నుంచి ఇట్ల అయితుంది?"

"రెండు వారాలుంటుందేమో. మీరు కంగారుపడి రాగిణికి ఫోన్ చెయ్యకండి. పనిమీద వెళ్ళిన పిల్ల."

రాగిణి ఆమె కూతురు, చక్రపాణి భార్య. కంపెనీ పని మీద వారం రోజులకని శాంటా క్లారా వెళ్ళింది. మోరిస్‌విల్‌లోని ఆ ఇంట్లో ప్రస్తుతం ఉన్నది చక్రపాణి, అత్తగారు, పదమూడేళ్ళ కూతురు దేదీప్య. అత్తగారు గ్రీన్ కార్డు మీద ఇక్కడే ఉంటోంది. మామగారు బ్రహ్మయ్య కిందటేడాది ఇక్కడే, ఈ ఊరి ఆసుపత్రిలోనే పోయారు. ఛాతీలో బరువుగా ఉందని చేర్పిస్తే నాలుగో రోజున. అప్పటినుంచీ ఆసుపత్రి మాటెత్తితే కృష్ణవేణమ్మ లేచి అవతలికి వెళ్ళిపోతుంది.

చక్రపాణి క్లినిక్‌కి ఫోన్ చేశాడు. ఎమర్జెన్సీ అయితే ఫోన్ పెట్టేసి తొమ్మిది ఒకటి ఒకటికి చేయమని రికార్డు చేసిన గొంతు చెప్పింది. అతను అత్తగారి వైపు చూశాడు. ఆవిడ మెట్లు దిగొచ్చి, టేబుల్ దగ్గర కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఇది ఎమర్జెన్సీ ఎలా అవుతుంది? ఇరవై రెండు నిమిషాలు పియానో సంగీతం విన్నాక లైను కట్టయింది. మళ్ళీ చేశాడు. తొందర లేని విషయాలైతే వెబ్‌సైటులో మెసేజ్ పెట్టమని అదే గొంతు సలహా ఇచ్చింది.

సరే, రాద్దామనుకున్నాడు. రాయడం అతనికి కొత్త కాదు. పదిహేడేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగులో ఉన్నాడు. తన టీములో ఎవరైనా బగ్ రిపోర్టులో ఒక మాట అటూ ఇటూ రాస్తే ఊరుకునేవాడు కాదు. చదివినవాడికి ఒకే అర్థం రావాలి, రెండు అర్థాలొస్తే తప్పు రాసినవాడిదే అని జూనియర్లకు పాఠం చెప్పేవాడు.

గుండె నొప్పికి ఏం రాయాలి? హార్ట్ ఎటాక్ అని రాస్తే అబద్ధం, పైగా అంబులెన్స్ పంపినా పంపుతారు. పెయిన్ అంటే కాస్త పెద్ద మాటగా తోచింది. తలకు హెడేక్, కడుపుకు స్టమకేక్, పంటికి టూతేక్, చెవికి ఇయరేక్. ఆ లెక్కన గుండెకు హార్టేక్. టైపు చేస్తే కింద ఎర్ర గీత కూడా పడలేదు. అంటే అలాంటి మాట ఉన్నట్టే. తృప్తిగా ముందుకు సాగాడు. మా అత్తగారికి రెండు వారాలుగా హార్టేక్ ఉంది అని మొదటి వాక్యం. ఇట్ పెయిన్స్ హర్ టు గో అప్‌స్టెయిర్స్ అని రెండోది. బరువులు మోసేటప్పుడు ఇంకా ఎక్కువగా పెయిన్స్ అని మూడోది. రోగి గురించి పూర్తి వివరం ఇవ్వాలి కాబట్టి, కిందటేడాది మామగారు పోయినప్పటినుంచీ ఆవిడ తన ఆరోగ్యం పట్టించుకోవడం లేదని నాలుగోది చేర్చాడు. రెండుసార్లు చదువుకుని పంపించాడు.

మధ్యాహ్నం మూడింటికి జవాబొచ్చింది.

మీ కుటుంబానికి కలిగిన నష్టానికి మేమెంతో విచారిస్తున్నాం అని మొదలైంది. ఆప్తులను కోల్పోయినవారికి ఇంట్లో కొన్ని చోట్లకు వెళ్ళడం కష్టంగా ఉండటం సహజమేననీ, మేడమీదికి వెళ్ళమని ఆవిడను తొందరపెట్టవద్దనీ, ఆవిడ మోస్తున్న బరువును ఒకరితో పంచుకోవడం మంచిదనీ రాశారు. కౌన్సెలర్ మెగన్ దగ్గర రేపు ఉదయం పదింటికి ఖాళీ ఉంది, తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని కూడా ఏర్పాటు చేశామన్నారు. కింద దుఃఖం గురించిన ఒక కరపత్రం జత చేశారు. దాని మీద సముద్రం ఒడ్డున ఒంటరిగా ఒక కుర్చీ బొమ్మ.

చక్రపాణి ఆ కుర్చీ వంక కాసేపు చూశాడు.

"వీళ్ళకేమన్నా పిచ్చి లేసిందా!" అన్నాడు గట్టిగా.

ఈసారి ఫోన్ వెంటనే దొరికింది. ఫ్రంట్ డెస్కులో ఉన్నావిడ గొంతు మెత్తగా ఉంది. తనకు కావలసింది కౌన్సెలర్ కాదనీ, డాక్టరనీ చెప్పాడు.

"మీ మెసేజ్ నా ముందే ఉంది సర్. ఆవిడకు హార్టేక్ అని రాశారు కదా?"

"అవును! హార్ట్! ఏక్!" రెండు మాటలూ విడదీసి చెప్పాడు.

"నాకర్థమవుతోంది. మార్చిలో మా అమ్మ పోయింది. నాకిప్పటికీ హార్టేకే."

చక్రపాణి సారీ చెప్పాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. "మేడమ్, హర్ హార్ట్ ఈజ్ పెయినింగ్. వెరీ మచ్ పెయినింగ్."

"ఆ మాట వింటుంటేనే నాకు బాధగా ఉంది సర్. మెగన్ చాలా మంచి మనిషి. మీకు డాక్టరే కావాలంటే మూడు వారాల తర్వాత గురువారం ఉంది. కానీ రేపటిది వదులుకోకండి."

మూడు వారాలు! ఫోన్ పెట్టేసి హాల్లో అటూ ఇటూ నాలుగుసార్లు నడిచాడు. ఎవరో ఒకరి ముందు కూర్చుంటే వాళ్ళే అసలు డాక్టర్ దగ్గరికి పంపుతారులే అని చివరికి సర్దిచెప్పుకున్నాడు. రాగిణికి చేద్దామని ఫోన్ తీశాడు. అత్తగారు వంటింట్లోంచి తొంగిచూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఆ పని చేసినందుకు తర్వాత రాగిణి అతన్ని చాలా రోజులు వదల్లేదు.

మర్నాడు దేదీప్యకు స్కూల్ లేదు. ముగ్గురూ కారెక్కారు. అమ్మమ్మ వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. దేదీప్య ముందు సీట్లో కూర్చుని తండ్రి ఫోన్‌లో అపాయింట్‌మెంట్ చూస్తూ అడిగింది.

"నాన్నా, అమ్మమ్మకి కౌన్సెలర్ ఎందుకు? అమ్మమ్మ సాడ్‌గా ఉందా?"

"గుండె నొస్తుంది బిడ్డా. వాళ్ళకి అర్థమైతలేదు."

"నువ్వు ఏం రాసావ్?" మెసేజ్ తెరిచి చదివింది. "ఓ మై గాడ్, నాన్నా. హార్టేక్? రియల్లీ?"

"ఏం, తప్పా? హెడేక్ ఉంది కదా?"

"హెడేక్ అంటే హెడ్‌లో పెయిన్. హార్టేక్ అంటే హార్ట్‌లో పెయిన్ కాదు. అది, లైక్, బ్రేకప్ అయితే వచ్చేది. ఎవరైనా చచ్చిపోతే వచ్చేది. బాడీలో ఉండదు."

చక్రపాణి స్టీరింగు మీద అరచేత్తో కొట్టాడు. "తలకు ఒకటి, గుండెకు ఒకటా? ఎవడు పెట్టిండు ఆ రూలు?"

"ఐ డోంట్ నో. అంతే."

"అంతే అంటే ఎట్ల? సరే, పెయిన్ అని కూడా రాసిన కదా. చూడు, కింద. రెండుసార్లు రాసిన."

"ఇట్ పెయిన్స్ హర్ అని రాసావు. అదీ సాడే." దేదీప్య కళ్ళు మూసుకుని ఓపిక తెచ్చుకుంది. అచ్చం తల్లి పోలిక. "నాన్నా, లిజన్. పెయిన్ నౌన్ అయితే బాడీకి. షి హాజ్ పెయిన్, ఓకే. దాన్ని వెర్బ్ చేస్తే ఫీలింగ్స్‌కి వెళ్ళిపోతుంది. ఇట్ పెయిన్స్ మీ అంటే నాకు మనసు బాలేదు అని. ఏక్ ఉంది కదా, అది వెర్బ్ అయితే బాడీకి. మై లెగ్స్ ఏక్. కానీ హార్ట్‌తో కలిపితే ఫీలింగ్స్."

"అంటే రెండూ తలకిందులా?"

"కైండ్ ఆఫ్."

"మరి ఈజ్ పెయినింగ్?"

"అలా ఎవరూ అనరు. నువ్వూ, నీ ఫ్రెండ్ జగదీష్ అంకులూ తప్ప."

చక్రపాణికి ఒళ్ళు మండిపోయింది. అతనిది హనుమకొండ. అక్కడ తల నొస్తుంది, కాలు నొస్తుంది, గుండె నొస్తుంది. ఎక్కడ నొచ్చినా క్రియ ఒక్కటే. ఒంటికి ఒక రకం, మనసుకు ఒక రకం అని వాక్యం మధ్యలో పట్టాలు మారదు. ఆ మాటే కూతురితో అన్నాడు.

"తెలుగులో అట్ల ఉండదు. నొప్పి అంటే నొప్పే."

"మరి అమ్మ నొచ్చుకుంది అంటావు కదా? అది లెగ్ పెయినా?"

ఎర్ర లైటు దగ్గర బ్రేకు కొంచెం గట్టిగానే వేశాడు. వెనక నుంచి కృష్ణవేణమ్మ సన్నగా మూలిగినట్టు అనిపించి అద్దంలో చూశాడు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

క్లినిక్‌లోకి అడుగుపెట్టగానే డెస్కు దగ్గరికి పరుగెత్తి తప్పు దిద్దాలనుకున్నాడు. ఆ అవకాశం రాలేదు. పొడుగాటి స్వెటర్ వేసుకున్న మెగన్ తలుపు దగ్గరే ఎదురుచూస్తోంది. కృష్ణవేణమ్మ చేతిని రెండు చేతులతో అందుకుని లోపలికి తీసుకెళ్ళింది. వెనకే చక్రపాణి, దేదీప్య.

గదిలో మెత్తటి కుర్చీలు, ఒక మొక్క, టిష్యూ కాగితాల పెట్టె ఉన్నాయి. బల్ల మీద ఐప్యాడ్. చక్రపాణి కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"మేడమ్, మెసేజ్‌లో నా ఇంగ్లీషు తప్పు. నేను రాసిన మాట సరైంది కాదు."

మెగన్ ఆప్యాయంగా నవ్వింది. "దుఃఖానికి తప్పు మాట అంటూ ఉండదు. మీరు మనసులోంచి రాశారు."

"మనసులోంచి కాదు! గుండె గురించి..."

"ముందు ఆవిడను మాట్లాడనిద్దాం. సరేనా? తర్వాత మీ వంతు."

దేదీప్య తండ్రి చొక్కా పట్టి కిందికి లాగింది. అతను పళ్ళు బిగించుకుని కూర్చున్నాడు. ఐప్యాడ్‌లోంచి ఒక ఆడగొంతు పలికింది. "నమస్కారమండీ. నా పేరు త్రివేణి, ఇంటర్‌ప్రెటర్‌ని. ఇక్కడ ఎవరేం మాట్లాడినా ఉన్నదున్నట్టు అటూ ఇటూ చెప్తాను. ఏమీ తీసెయ్యను, ఏమీ కలపను."

ఆ తెలుగు వినగానే కృష్ణవేణమ్మ ముఖం కాస్త విప్పారింది. తెర మీదికి వంగి నమస్కారం పెట్టింది.

మెగన్ కాగితం తీసి, ఆ బాధ మీకెప్పుడు ఎక్కువగా ఉంటుందని ఇంగ్లీషులో అడిగింది.

"మీకు బాధ ఎప్పుడు ఎక్కువగా ఉంటోందండీ?" అంది త్రివేణి.

కృష్ణవేణమ్మ ఒక్క క్షణం ఆలోచించింది.

"ఏ బాధమ్మా? ఒంటిదా, మనసుదా?"

త్రివేణి అది అలాగే ఇంగ్లీషులో చెప్పింది. మెగన్ రాస్తున్న పెన్ను ఆగింది. తలెత్తి కృష్ణవేణమ్మ ముఖంలోకి చూసింది. నుదుటి మీద చెమటను అప్పుడే గమనించినట్టుంది.

"రెండూ చెప్పమనండి," అంది. "ముందు ఒంటిది."

"మెట్లెక్కితే వస్తుంది. బరువెత్తితే వస్తుంది. ఇదిగో, ఇక్కడ రోకలి పెట్టి అదిమినట్టు ఉంటుంది. ఎడం చెయ్యి మోచేతి దాకా గుంజుతుంది. ఒక్కోసారి దవడ కూడా. కూచుంటే తగ్గిపోయేది. ఇవాళ పొద్దున్నుంచీ కూచున్నా తగ్గట్లేదు."

త్రివేణి గొంతులో తొందర వినిపించింది. ఆమె చెప్పడం పూర్తికాకుండానే మెగన్ లేచి నిలబడింది. "ఇప్పుడు ఉందా?"

"ఇప్పుడుందా అండీ, నొప్పి?"

"ఉందమ్మా."

చక్రపాణి కుర్చీలోంచి ఎగిరిపడ్డట్టు లేచాడు. "ఇప్పుడుందా! కార్ల ఎందుకు చెప్పలేదు అత్తమ్మా?"

"మీరు పాపతో ఇంగ్లీషు గురించి కొట్లాడుతున్నారు కదా బాబూ. మధ్యలో ఎందుకని."

త్రివేణి ఆ ముక్క కూడా ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పేసింది. కానీ మెగన్ అప్పటికే తలుపు తెరిచి నర్సును కేకేస్తోంది.

తర్వాతదంతా చాలా వేగంగా జరిగింది. ఇద్దరు నర్సులొచ్చారు. ఒకామె రక్తపోటు చూసింది. ఇంకొకామె ఆస్పిరిన్ మాత్ర చేతిలో పెట్టి నమలమంది. త్రివేణి ఐప్యాడ్‌లోంచి "మింగకండి, నమలండి, నమలండి" అని చెబుతూనే ఉంది. తీగలు అంటించి ఈసీజీ తీశారు. మూడు వారాల దాకా ఖాళీ లేని డాక్టర్ అర నిమిషంలో వచ్చి ఆ కాగితం చూసి, అంబులెన్స్ వస్తోందా అని అడిగాడు. ఈ లోపల కృష్ణవేణమ్మ తెర వైపు చెయ్యి చాపింది.

"త్రివేణమ్మా, మనసుది ఇంకోసారి చెప్తానని ఆ అమ్మాయికి చెప్పు."

త్రివేణి చెప్పింది. మెగన్ కళ్ళు తుడుచుకుంటూ తప్పకుండా వింటానంది.

ఆసుపత్రిలో చక్రపాణికి ఒక ప్లాస్టిక్ కుర్చీ దొరికింది. రాగిణికి ఫోన్ చేశాడు. జరిగింది విని ఆమె మొదట ఇదే అడిగింది.

"ఎప్పటినుంచి తెలుసు నీకు?"

"నిన్నటినుంచి."

"నిన్న నాకు చెప్పకుండా వెబ్‌సైట్‌లో మెసేజ్ పెట్టావా?"

అవునన్నాడు. ఫోన్ అవతల రాగిణి విమానం టికెట్ కోసం కీబోర్డు మీద టైపు చేస్తున్న చప్పుడు వినిపించింది.

దేదీప్య పక్కనే కూర్చుని ఉంది. చాలాసేపటికి చిన్న గొంతుతో అంది. "నాన్నా, చెస్ట్ పెయిన్ అని రాసుంటే వాళ్ళు టూ మినిట్స్‌లో కాల్ చేసేవాళ్ళు."

"తెలుసు."

"నువ్వు కావాలని చెయ్యలేదు కదా."

"కావాలని చేస్తేనే తప్పయితదా?" అన్నాడు. కసురుకోలేదు. అది తనను తాను అనుకున్న మాట. రెండు అర్థాలొస్తే తప్పు రాసినవాడిదే అని ఎంతమంది ముందు చెప్పాడో గుర్తొచ్చింది. నిజానికి మాట తెలియకపోవడం ఒక్కటే కాదు. ఎదురుగా గుండెల మీద రాసుకుంటున్న మనిషి ఉంటే, ఆవిడకు ఎలా ఉందో అడగడం మానేసి దానికి ఇంగ్లీషు ఏమిటని వెతుక్కుంటూ కూర్చున్నాడు.

మణికట్టులోంచి సన్నటి గొట్టం పంపి చూశారు. ఒక రక్తనాళం దాదాపు మూసుకుపోయింది. స్టెంట్ వేశారు. ఇంకో రెండు మూడు రోజులు ఆలస్యమైతే ఇప్పుడు మనం వేరే మాటలు మాట్లాడుకుంటూ ఉండేవాళ్ళమని డాక్టర్ చెప్పాడు. ఆ ఇంగ్లీషు చక్రపాణికి బాగానే అర్థమైంది.

సాయంత్రం లోపలికి పంపారు. కృష్ణవేణమ్మ మంచం మీద నీరసంగా ఉన్నా తేటగా ఉంది. అతను పక్కన నిలబడ్డాడు. మందలించాలని వచ్చినవాడు మెల్లగా అడిగాడు.

"గ్యాసు కాదని మీకు తెల్సు కదా అత్తమ్మా?"

"తెలుసు." ఆవిడ పైకప్పు వంక చూస్తూ చెప్పింది. "మీ మామగారికీ ఇలాగే చెయ్యి గుంజింది. ఆయన గ్యాసే అన్నారు. కాదు, పదండి అని నేనే బలవంతాన ఆసుపత్రికి తీసుకొచ్చాను. తీసుకురాకపోతే ఇంట్లో మంచం మీద, నా చెయ్యి పట్టుకుని పోయేవారు. అదే అనిపిస్తుంది నాకు. నాకు వచ్చినప్పుడు మాత్రం ఎవరికీ చెప్పకూడదనుకున్నాను."

చక్రపాణి మంచం అంచున కూర్చున్నాడు. ఇరవయ్యేళ్ళలో అత్తగారి చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. ఆవిడ కాస్త ఇబ్బంది పడింది గానీ వెనక్కి తీసుకోలేదు.

తెల్లవారేసరికి రాగిణి దిగింది. తల్లిని కావలించుకుని ఏడ్చింది, తర్వాత ఇద్దర్నీ వరసగా తిట్టింది. దాచినందుకు తల్లిని, దాచడానికి తోడైనందుకు మొగుణ్ణి. ఆ మెసేజ్ చదివాక తిట్లు మళ్ళీ మొదటినుంచి వచ్చాయి.

కృష్ణవేణమ్మ మూడో రోజు ఇంటికొచ్చింది. మెట్లెక్కకుండా ఉండాలని కింది గదిలో మంచం వేశారు. నెల తిరిగేసరికి రోజుకు అరగంట నడవడం మొదలుపెట్టింది. ఒకరోజు చక్రపాణి ఫోన్‌లో క్లినిక్ నుంచి మెసేజ్ వచ్చింది. మెగన్ రాసింది. కృష్ణవేణిగారికి ఓపిక వచ్చి ఉంటే, ఇష్టమైతేనే, మంగళవారం కలవగలనని. అతను తెలుగులో చదివి వినిపించాడు.

"వద్దని రాయాలా అత్తమ్మా?"

"వద్దనెందుకు? తీసుకెళ్ళండి."

"ఏం మాట్లాడుతరు అక్కడ?"

"అది ఆ పిల్లకి చెప్పాలి గానీ మీకు కాదుగా బాబూ."

మంగళవారం చక్రపాణి బయటి హాల్లో కూర్చున్నాడు. తలుపు మూసి ఉంది. యాభై నిమిషాలనుకున్నది గంటా పది నిమిషాలయింది. పత్రికలు తిరగేశాడు. రెండుసార్లు లేచి తలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. ఒకసారి లోపలినుంచి అత్తగారు ఏడుస్తున్నట్టు వినిపించింది. లేవబోయి ఆగిపోయాడు.

బయటికొచ్చినప్పుడు ఆవిడ కళ్ళు వాచి ఉన్నాయి. వచ్చి కారెక్కింది. అతను కారు తీశాడు. రోడ్డెక్కి కొంత దూరం వచ్చాక ఆవిడే అంది.

"ఆ త్రివేణి మాట వింటే మా తెనాలి వైపు పిల్లలా ఉంది బాబూ. ఏ ఊరమ్మా మీది అని అడిగాను. చెప్పకూడదట. గంటసేపు నా కష్టమంతా విన్నది గానీ ఊరి పేరు చెప్పకూడదట. అదేం రూలండీ?"

"ఏమో అత్తమ్మా," అన్నాడు చక్రపాణి. "నాకూ అర్థం కాదు."

"చోద్యం కాకపోతే," అని ఆవిడ పైటకొంగుతో ముఖం తుడుచుకుని, దారిలో ఇండియన్ స్టోరు దగ్గర ఆపమంది. దొండకాయలు లేతగా ఉంటే తీసుకుందామని.